డేటాబేస్ రిపోర్టు తెరిచే ముందు ఆ రెండు స్నాప్‌షాట్లు ఏవో అడగండి

"నిన్న పొద్దున అప్లికేషన్ బాగా స్లో అయింది. ఏడబ్ల్యూఆర్ రిపోర్టు జత చేస్తున్నాం, కారణం చెప్పగలరు." డేటాబేస్ పనిలో ఉన్నవాళ్లకి ఈ మెయిల్ కొత్త కాదు. ఏడబ్ల్యూఆర్ (ఆటోమేటిక్ వర్క్‌లోడ్ రిపాజిటరీ) అంటే ఒరాకిల్ డేటాబేస్ తన పని లెక్కల్ని తనే దాచుకునే ఏర్పాటు. ఫైలు తెరిస్తే పైన మొదలు అర్ధరాత్రి 12, ముగింపు మళ్లీ అర్ధరాత్రి 12 అని ఉంటుంది. అంటే 24 గంటల రిపోర్టు. యూజర్లు ఇబ్బంది పడింది మాత్రం ఆరు నిమిషాలు. పంపినవాళ్లు శ్రద్ధగానే పంపారు. రోజంతటి సమాచారం ఇస్తే ఏదీ తప్పిపోదని అనుకున్నారు. కానీ రిపోర్టులో కాలం పెరిగేకొద్దీ ఆ ఆరు నిమిషాలు పలచబడిపోతాయి. ఎందుకో అర్థం కావాలంటే ముందు ఈ రిపోర్టు ఎలా పుడుతుందో చూడాలి.

డేటాబేస్ లోపల వందల కొద్దీ కౌంటర్లు తిరుగుతుంటాయి. డిస్కు నుంచి ఎన్ని బ్లాకులు చదివింది, ఎన్ని కమిట్‌లు (మార్పుల్ని ఖాయం చేయడం) జరిగాయి, ఒక్కో రకం వెయిట్‌లో, అంటే దేనికోసమో ఆగి ఎదురుచూడటంలో, మొత్తం ఎంత సమయం పోయింది, ఒక్కో క్వెరీ ఎన్నిసార్లు నడిచింది, ఇలాంటివన్నీ. ఇన్‌స్టెన్స్, అంటే నడుస్తున్న డేటాబేస్ ప్రోగ్రామ్, స్టార్ట్ అయినప్పుడు ఇవి సున్నా నుంచి మొదలై, ఆపేదాకా పెరుగుతూనే ఉంటాయి. ఇంట్లో కరెంటు మీటరు లాగా అనుకోండి. మీటరు మీద 48,210 అని కనిపిస్తే ఈ నెల ఎంత వాడామో తెలియదు. పోయిన నెల రీడింగు కూడా చేతిలో ఉండాలి. ఒక సమయానికి ఈ కౌంటర్లన్నిటినీ చదివి, టైము వేసి, టేబుళ్లలో దాచుకోవడమే స్నాప్‌షాట్. రెండో స్నాప్‌షాట్ లోంచి మొదటిదాన్ని తీసివేస్తే రిపోర్టు వస్తుంది. పేజీలకు పేజీలు సాగే ఆ హెచ్‌టీఎంఎల్ ఫైలులో చాలా భాగం ఈ తీసివేతే.

స్నాప్‌షాట్ అనే పేరు దగ్గరే చాలామంది పొరబడతారు. ఆ మాట వినగానే ఫొటో గుర్తొస్తుంది. 10 గంటల స్నాప్‌షాట్ అంటే 10 గంటలకు డేటాబేస్‌లో ఏం జరుగుతోందో చూపించే ఫొటో అనుకుంటారు. అలా కాదు. అది 10 గంటలకు మీటరు ఎక్కడ ఉందో రాసుకున్న కాగితం. ఒక్క కాగితంతో ఏమీ చెప్పలేం. రెండు కాగితాలున్నా, మధ్యలో వాడకం ఎప్పుడు ఎక్కువైంది, ఎప్పుడు తగ్గింది అనేది వాటిలో ఉండదు.

ఒరాకిల్‌లో ఈ పద్ధతి చాలా పాతది. మొదట్లో యూటీఎల్‌బీస్టాట్, యూటీఎల్‌ఈస్టాట్ అని రెండు స్క్రిప్టులు ఉండేవి. పేర్లలోని బీ అంటే బిగిన్, ఈ అంటే ఎండ్. ఒకటి నడిపి, పని అయ్యేదాకా ఆగి, రెండోది నడిపితే తేడా వచ్చేది. పాత రీడింగులు నిలవ ఉండేవి కావు. 8ఐ వెర్షన్ కాలంలో వచ్చిన స్టాట్స్‌ప్యాక్ ఆ రీడింగులని టేబుళ్లలో దాచడం మొదలుపెట్టింది. దానివల్ల సమస్య జరిగిపోయాక కూడా వెనక్కి వెళ్లి చూసే వీలు కలిగింది. 10జీలో ఏడబ్ల్యూఆర్ వచ్చి ఆ పనిని డేటాబేస్‌కే అప్పగించింది. ఎంఎంఓఎన్ అనే బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్ మామూలుగా గంటకోసారి స్నాప్‌షాట్ తీసి, సిస్ఆక్స్ అనే టేబుల్‌స్పేస్‌లో (డేటాబేస్ లోపలి నిలవ స్థలం) పెడుతుంది. 11జీ నుంచి డిఫాల్ట్‌గా అవి 8 రోజులు ఉంటాయి, తర్వాత వాటంతట అవే తుడిచిపెట్టుకుపోతాయి.

రిపోర్టు తీయడం కష్టమేం కాదు. ఒరాకిల్ హోమ్‌లో ఆర్‌డీబీఎంఎస్ కింద అడ్మిన్ ఫోల్డర్‌లో ఉన్న ఏడబ్ల్యూఆర్‌ఆర్‌పీటీ స్క్రిప్టు నడిపితే, హెచ్‌టీఎంఎలా టెక్స్టా, ఎన్ని రోజుల స్నాప్‌షాట్లు చూపించాలి, మొదటి స్నాప్‌షాట్ నంబరు ఏది, చివరి నంబరు ఏది, ఫైలు పేరేంటి అని వరుసగా అడుగుతుంది. చాలామంది ఈ ప్రశ్నల్ని ఎంటర్ కొడుతూ దాటేస్తారు. ఆ మొదటి, చివరి నంబర్ల దగ్గరే అసలు పని ఉందని నా నమ్మకం. అక్కడ తప్పు చేస్తే తర్వాత ఎంత నేర్పుగా చదివినా లాభం లేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. 16 కోర్ల మెషీన్. మామూలు సమయంలో సగటున 3 సెషన్లు (డేటాబేస్‌కి కలిసిన కనెక్షన్లు) పనిలో ఉంటాయి అనుకుందాం. ఉదయం 10:20కి ఒక సెషన్ ఏదో ఒక రో (టేబుల్‌లో ఒక వరుస) అప్‌డేట్ చేసి, కమిట్ చేయకుండా వదిలేసింది. కమిట్ అయ్యేదాకా ఆ రో మీద దాని లాక్ ఉంటుంది. అదే రో కోసం మిగతావన్నీ క్యూ కట్టాయి. 10:26 దాకా, ఆ ఆరు నిమిషాలూ, సగటున 50 సెషన్లు యాక్టివ్‌గా ఉన్నాయి. వాటిలో 47 ఆ లాక్ కోసం ఎదురుచూస్తున్నవే.

రిపోర్టులో డీబీ టైమ్ అని ఒక అంకె ఉంటుంది. యూజర్ సెషన్లన్నీ కలిపి డేటాబేస్ లోపల గడిపిన సమయం అది. సీపీయూ మీద గడిపింది, దేనికోసమో వెయిట్ చేస్తూ గడిపింది, రెండూ కలుస్తాయి. దాన్ని గడియారపు సమయంతో భాగిస్తే సగటున ఎన్ని సెషన్లు యాక్టివ్‌గా ఉన్నాయో వస్తుంది. మన ఉదాహరణలో 10 నుంచి 11 దాకా చూస్తే, ఆ ఆరు నిమిషాల్లో 300 నిమిషాల డీబీ టైమ్, మిగతా 54 నిమిషాల్లో 162, మొత్తం 462 నిమిషాలు. 60తో భాగిస్తే 7.7. పదహారు కోర్లున్న మెషీన్‌లో సగటున ఎనిమిది లోపు సెషన్లంటే ఎవరూ కంగారు పడరు. 50 సెషన్లు ఇరుక్కుపోయి, యూజర్లు స్క్రీన్ ముందు టెన్షన్ పడిన సమయం 7.7 అనే నెమ్మదైన అంకె వెనక దాక్కుంది. అదే నాలుగు గంటల రిపోర్టు తీస్తే సగటు 4.2కి దిగుతుంది. రోజంతటికి తీస్తే 3.2. అది మామూలు రోజుకీ దీనికీ తేడా తెలియని అంకె.

అయితే సగటు లోడు దాచిపెట్టినదాన్ని టాప్ వెయిట్ ఈవెంట్ల పట్టిక కొంతవరకు బయటపెడుతుంది. లాక్ కోసం పోయిన సమయం 47 సెషన్లు, 6 నిమిషాలు, అంటే 282 నిమిషాలు. గంట రిపోర్టులో అది డీబీ టైమ్‌లో 61 శాతం. పట్టికలో మొదటి వరుసలోనే రో లాక్ కంటెన్షన్ అని నిలబడి ఉంటుంది, ఎవరికైనా కనిపిస్తుంది. నాలుగు గంటల రిపోర్టులో 28 శాతానికి తగ్గుతుంది. ఇంకా కనిపిస్తుంది కానీ "ఇది కొంచెం చూడాలి" అనిపించే స్థాయి. రోజు రిపోర్టులో 6 శాతం. అక్కడ సీపీయూ, డిస్కు రీడ్‌ల కింద ఎక్కడో ఉంటుంది. దాన్ని వదిలేసి డిస్కు వేగం గురించి చర్చ మొదలవుతుంది. స్టోరేజ్ టీమ్‌ని పిలుస్తారు, రెండు రోజులు గడిచిపోతాయి. ఇలా పక్కదారి పట్టిన విచారణలు నేను కొన్ని దగ్గరగా చూశాను. అక్కడ తెలివితక్కువవాళ్లు ఎవరూ లేరు, చేతికిచ్చిన రిపోర్టులో కాలం ఎక్కువైంది, అంతే.

లాక్ ఉదాహరణలో ఇంకో మెలిక కూడా ఉంది. రిపోర్టులో ఎక్కువ సమయం తీసుకున్న క్వెరీల్ని చూపే టాప్ ఎస్‌క్యూఎల్ పట్టికలో పైకి వచ్చేది ఎదురుచూస్తున్న అప్‌డేట్ స్టేట్‌మెంటే. దాని ఎలాప్స్‌డ్ టైమ్ (పట్టిన మొత్తం సమయం) ఆకాశాన్నంటుతుంది కాబట్టి దాన్నే ట్యూన్ చేయాలనిపిస్తుంది. అసలు లాక్ పట్టుకుని కూర్చున్న సెషన్ ఆ ఆరు నిమిషాల్లో ఏ పనీ చేయలేదు. పని చేయని సెషన్ డీబీ టైమ్‌కి ఏమీ కలపదు, అందుకే రిపోర్టులో దాని ఊసే ఉండదు. బాధితుడు కనిపిస్తాడు, కారకుడు కనిపించడు. దాన్ని పట్టుకోవాలంటే ఏఎస్‌హెచ్ (యాక్టివ్ సెషన్ హిస్టరీ) దగ్గరికి వెళ్లాలి.

ఏఎస్‌హెచ్ తీసివేత కాదు, అది శాంపిలింగ్. సెకనుకోసారి ఏ సెషన్లు యాక్టివ్‌గా ఉన్నాయి, ఏ క్వెరీ నడుపుతున్నాయి, దేనికోసం ఆగాయి, ఎవరు అడ్డం ఉన్నారు అని మెమరీలో రాసుకుంటుంది. ఆ శాంపిళ్లలో పదింటికి ఒకటి చొప్పున డిస్కులో నిలవ ఉంటుంది. ఫొటో అనే మాట నిజంగా సరిపోయేది దీనికే. అడ్డం ఉన్న సెషన్ ఖాళీగా ఉన్నా, ఎదురుచూస్తున్న సెషన్ల వరుసల్లో దాని నంబరు నమోదై ఉంటుంది. అందుకని నేను ఏడబ్ల్యూఆర్ రిపోర్టుని ఊరి మ్యాపులాగా, ఏఎస్‌హెచ్‌ని వీధి లోపలికి వెళ్లే దారిలాగా వాడతాను. గంట రిపోర్టులో ఏ రకం వెయిట్ పెరిగిందో చూసి, సరిగ్గా ఏ నిమిషాల్లో, ఎవరివల్ల అనేది ఏఎస్‌హెచ్ రిపోర్టులో వెతుకుతాను.

కాబట్టి స్నాప్‌షాట్లు ఎంచుకునేటప్పుడు, సమస్య మొత్తం లోపల పడేలా ఎంత చిన్న కాలం దొరికితే అంత చిన్నది తీసుకోవాలి. గంట మరీ ఎక్కువ అనిపిస్తే ఇంటర్వల్‌ని 30 లేదా 15 నిమిషాలకు తగ్గించవచ్చు, 10 నిమిషాల దాకా ఒప్పుకుంటుంది. స్థలం ఎక్కువ పడుతుంది, అది ముందే చూసుకోవాలి. లోడ్ టెస్ట్ చేస్తున్నా, రాత్రి బ్యాచ్ నడుపుతున్నా, మొదలుపెట్టే ముందు ఒకటి, అయిపోగానే ఒకటి చేత్తో స్నాప్‌షాట్ తీసుకోవడం అన్నిటికంటే మేలు. డీబీఎంఎస్ వర్క్‌లోడ్ రిపాజిటరీ ప్యాకేజీలో దానికి ప్రొసీజర్ ఉంది, ఒక్క లైను పని.

మధ్యలో ఇన్‌స్టెన్స్ రీస్టార్ట్ అయితే ఆ రెండు స్నాప్‌షాట్ల మధ్య రిపోర్టు రాదు. మీటరు మార్చి సున్నా నుంచి మొదలుపెట్టాక పాత రీడింగుతో తీసివేయలేం కదా. ఒరాకిల్ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది, అది మంచిదే. ఇంకొకటి, నంబర్ల వరుసలో 11 గంటల స్నాప్‌షాట్ లేకుండా 10 తర్వాత 12 ఉంటే, దాన్ని మామూలు ఖాళీ అనుకుని దాటకండి. మెషీన్ మరీ ఊపిరాడని స్థితికి వస్తే ఎంఎంఓఎన్ కూడా తన పని చేయలేదు. ఆ ఖాళీయే ఒక ఆధారం. ఆటోమేటిక్ స్నాప్‌షాట్లు అసలే లేకపోతే స్టాటిస్టిక్స్ లెవెల్ అనే సెట్టింగ్‌ని బేసిక్‌లో పెట్టారేమో చూడండి.

ఇక రిపోర్టు లోపలికి వెళ్తే, పైన ఇన్‌స్టెన్స్ ఎఫిషియన్సీ అని శాతాల పట్టిక ఉంటుంది, లక్ష్యం 100 శాతం అని రాసి మరీ. కొత్తగా చదివేవాళ్లు అక్కడే ఆగిపోతారు. బఫర్ హిట్, అంటే డిస్కుకి వెళ్లకుండా మెమరీలోనే దొరికిన బ్లాకుల వాటా, 99 శాతం ఉంటే అంతా బాగుందనుకుంటారు. ఒక చెత్త క్వెరీ అవే బ్లాకుల్ని మెమరీలో లక్షల సార్లు తిరగేస్తే ఆ శాతం ఇంకా పెరుగుతుంది, యూజర్ కష్టం కూడా పెరుగుతుంది. ఆ పట్టికని నేను చూసి వదిలేస్తాను. డీబీ టైమ్, టాప్ ఈవెంట్లు, టాప్ ఎస్‌క్యూఎల్, ఈ మూడింటి దగ్గరే సమయం పెట్టాలి.

ఈవెంట్ల పేర్లు కొన్ని తికమక పెడతాయి. డీబీ ఫైల్ సీక్వెన్షియల్ రీడ్ అంటే వరుసగా చాలా బ్లాకులు చదవడం అనిపిస్తుంది, కానీ అది ఒక్కో బ్లాకు చదవడం, ఎక్కువగా ఇండెక్స్ ద్వారా. స్కాటర్డ్ రీడ్ అంటే ఒకేసారి పక్కపక్క బ్లాకులు చాలా చదవడం, ఫుల్ స్కాన్‌లలో కనిపిస్తుంది. చదివిన బ్లాకులు మెమరీలో చెల్లాచెదురుగా సర్దుకుంటాయి కాబట్టి ఆ పేరు.

సగటుల విషయంలో ఇంకో లెక్క. లాగ్ ఫైల్ సింక్ అంటే కమిట్ కొట్టాక రీడూ లాగ్ (మార్పుల చిట్టా) డిస్కుకి చేరేదాకా ఆగడం. రిపోర్టులో 1,00,000 వెయిట్లు, సగటు 3 మిల్లీసెకన్లు అని ఉందనుకోండి. చూడటానికి బాగానే ఉంది. కానీ అందులో 99,900 వెయిట్లు ఒక్కో మిల్లీసెకను, మిగతా 100 వెయిట్లు రెండేసి సెకన్లు అయినా సగటు ఆ మూడే వస్తుంది. ఫిర్యాదు చేసేది ఆ వంద మంది. అందుకే కింద ఎక్కడో ఉండే వెయిట్ ఈవెంట్ హిస్టోగ్రామ్ దాకా స్క్రోల్ చేయాలి, ఎంత సమయం పట్టినవి ఎన్ని ఉన్నాయో విడివిడిగా చెప్పేది అదే.

టాప్ ఎస్‌క్యూఎల్‌లోనూ ఇదే జాగ్రత్త. 1,20,000 సార్లు నడిచి ఒక్కోసారికి 2 మిల్లీసెకన్లు తీసుకున్న క్వెరీ మొత్తం 240 సెకన్లు. మూడే సార్లు నడిచి 90 సెకన్ల చొప్పున తీసుకున్నది 270 సెకన్లు. పట్టికలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. రెండోదానికి ప్లాన్, అంటే దాన్ని నడపడానికి డేటాబేస్ ఎంచుకున్న దారి, చూడాలి. మొదటిదాని ప్లాన్‌లో తప్పేమీ ఉండకపోవచ్చు. అప్లికేషన్ అన్నిసార్లు ఎందుకు పిలుస్తోందని డెవలపర్లని అడగాలి. శాతాలన్నీ కలిపితే వంద దాటినా ఆశ్చర్యపోనక్కర్లేదు, పీఎల్‌ఎస్‌క్యూఎల్ (ఒరాకిల్ లోపల ప్రోగ్రాములు రాసే భాష) బ్లాకు లెక్కలో దాని లోపలి క్వెరీల సమయం కూడా కలిసి ఉంటుంది. దీనికి ఎదురు పరిస్థితి ఇంకా ముఖ్యం. పట్టిక పైన, ఇక్కడ దొరికిన ఎస్‌క్యూఎల్‌లు మొత్తం డీబీ టైమ్‌లో ఇంత శాతం అని ఒక లైను ఉంటుంది. అది 20, 30 దగ్గర ఆగితే, పని చేసిన క్వెరీలు ఈ పట్టికలో లేనట్టే. బైండ్ వేరియబుల్స్ (విలువల స్థానంలో ఉంచే గుర్తులు) వాడకుండా విలువల్ని నేరుగా రాసే అప్లికేషన్లలో ఒకే క్వెరీ వేల రూపాల్లో చీలిపోతుంది. ఏ ఒక్క రూపమూ టాప్‌లోకి రాదు, అన్నీ కలిసి మెషీన్‌ని తినేస్తాయి. హార్డ్ పార్స్‌ల (క్వెరీని కొత్తగా పరిశీలించి ప్లాన్ తయారు చేయడం) అంకె కూడా ఎక్కువగా ఉంటే అనుమానం దాదాపు ఖాయం.

ఏ అంకె ఎక్కువ, ఏది తక్కువ అనేది ఒక్క రిపోర్టు చెప్పదు. పోయిన వారం అదే రోజు, అదే గంట రిపోర్టు పక్కన పెట్టాలి. ఒరాకిల్‌లో ఏడబ్ల్యూఆర్‌డీడీఆర్‌పీటీ అనే స్క్రిప్టు రెండు కాలాల్నీ ఒకే ఫైలులో పోల్చి ఇస్తుంది. 8 రోజుల నిలవతో పోయిన వారం దొరుకుతుంది కానీ పోయిన నెలాఖరు దొరకదు. నెలాఖరు లోడు ఉండే సిస్టమ్‌లలో 35 రోజులైనా ఉంచాలి, సెట్టింగ్ నిమిషాల్లో అడుగుతుంది కాబట్టి 50,400. అంత స్థలం లేకపోతే అంతా సాఫీగా నడిచిన ఒక రోజుని బేస్‌లైన్‌గా గుర్తు పెట్టినా చాలు, ఆ స్నాప్‌షాట్లు తుడిచిపెట్టుకుపోవు. గొడవ జరిగినప్పుడు రిపోర్టులు తీసేవాళ్లు చాలామందే ఉంటారు. బాగున్న రోజు రిపోర్టు దాచుకున్నవాళ్లే తొందరగా కారణం కనుక్కుంటారు.

లైసెన్స్ సంగతి కూడా చెప్పాలి. ఏడబ్ల్యూఆర్, ఏఎస్‌హెచ్ వాడాలంటే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ మీద డయాగ్నస్టిక్స్ ప్యాక్ విడిగా కొనాలి. కొనకపోయినా ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో స్క్రిప్టు నడుస్తుంది, ఎవరూ ఆపరు. అదే ప్రమాదం. ప్యాక్ లేనిచోట స్టాట్స్‌ప్యాక్ ఇప్పటికీ ఉచితం. స్నాప్‌షాట్లని మనమే షెడ్యూల్ చేసుకోవాలి, ఏఎస్‌హెచ్ లాంటి సెకను సెకను వివరం ఉండదు, మిగతా ఆలోచనంతా ఒకటే.

వేరే డేటాబేస్‌ల సంగతికి వస్తే, పోస్ట్‌గ్రెస్‌లో కౌంటర్లు ఉంటాయి, చరిత్ర ఉండదు. పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ ఎక్స్‌టెన్షన్ పెడితే ఒక్కో క్వెరీకి ఎన్నిసార్లు నడిచింది, మొత్తం ఎంత సమయం పట్టింది అని కూడుతూ పోతుంది. దాన్ని ఇన్ని నిమిషాలకోసారి టైముతో సహా వేరే టేబుల్‌లోకి కాపీ చేసుకుని తేడా తీయడం మన పని. పీజీ ప్రొఫైల్ అనే ఎక్స్‌టెన్షన్ ఈ కాపీలు, తీసివేతలు చేసి హెచ్‌టీఎంఎల్ రిపోర్టు ఇస్తుంది. సొంతంగా రాసుకునేవాళ్లు ఒకటి గమనించాలి. ఈ ఎక్స్‌టెన్షన్ డిఫాల్ట్‌గా 5,000 స్టేట్‌మెంట్లనే గుర్తుంచుకుంటుంది. నిండితే తక్కువగా నడిచినవాటిని బయటికి తోసేస్తుంది. తోసేసింది మళ్లీ వస్తే సున్నా నుంచి మొదలవుతుంది, మన తీసివేతలో మైనస్ అంకె వస్తుంది. ఎవరైనా రీసెట్ కొట్టినా అంతే. మైనస్ వచ్చిన చోట సున్నా వేసి దాచేయకండి, ఆ కాలానికి లెక్క లేదని గుర్తు పెట్టండి. పోస్ట్‌గ్రెస్‌లో ఇంకో లోటు, వెయిట్ ఈవెంట్ల సమయం కూడుతూ పోయే కౌంటర్లు ఒరాకిల్‌లో లాగా ఉండవు. పీజీ స్టాట్ యాక్టివిటీ ఆ క్షణంలో ఎవరు దేనికోసం ఆగారో మాత్రమే చెబుతుంది, కాబట్టి తరచుగా శాంపిల్ చేసుకోవాలి. డిస్కు రీడ్‌ల సమయం కావాలంటే ట్రాక్ ఐఓ టైమింగ్ ఆన్ చేయాలి, మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది.

మైఎస్‌క్యూఎల్‌లో పెర్ఫార్మెన్స్ స్కీమా ఇదే పని చేస్తుంది, ఒకే రూపం ఉన్న క్వెరీల్ని డైజెస్ట్‌లుగా కలిపి కూడుతుంది. రీస్టార్ట్ అయితే అన్నీ పోతాయి, కాబట్టి బయట నిలవ చేసుకోవాల్సిందే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2016 నుంచి క్వెరీ స్టోర్ ఉంది, డిఫాల్ట్‌గా గంట ముక్కలుగా లెక్కలు కడుతుంది, రీస్టార్ట్ తర్వాత కూడా చరిత్ర ఉంటుంది. గంట సగటులో ఆరు నిమిషాలు పలచబడే ఇబ్బంది అక్కడా ఉంది.

రిపోర్టు ఎవరికైనా పంపేటప్పుడు దానితోపాటు మూడు మాటలు రాయండి: ఇబ్బంది ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా, యూజర్‌కి ఏ స్క్రీన్‌లో కనిపించింది, బాగున్నప్పుడు అదే పని ఎంత సమయంలో అయ్యేది. క్లస్టర్ (ఒకే డేటాబేస్‌ని చాలా ఇన్‌స్టెన్స్‌లు నడిపేది) అయితే ప్రతి ఇన్‌స్టెన్స్‌కీ విడి రిపోర్టు జత చేయండి. బయటి సంస్థకి పంపుతుంటే ఒకసారి చివరిదాకా స్క్రోల్ చేసి చూడండి. క్వెరీల పూర్తి పాఠం అందులో ఉంటుంది. బైండ్‌లు లేని క్వెరీల్లో కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఖాతా నంబర్లు అలాగే అచ్చయి ఉంటాయి. వాటిని తీసేశాకే పంపండి.